నురుగు మీద తీర్పు

గుంటూరు బ్రాడీపేటలో సంతోషకుమారి గారిల్లు ఎక్కడని అడిగితే, "ఇంట్లో సముద్రం పెట్టుకున్నావిడేనా?" అని ఎదురు అడిగి మరీ దారి చూపించేవాళ్ళు. ఆవిడ మహిళా డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఏటా ఆడపిల్లల్ని బస్సెక్కించి వాడరేవు తీసుకెళ్ళి, తడి ఇసకలో దాక్కునే జీవాలన్నిటినీ చూపించి తీసుకొచ్చేది. అలా వెళ్ళి వెళ్ళి సముద్రమంటే పిచ్చి పట్టుకుని, పదేళ్ళ కిందట ముందుగదిలో ఒక గోడ పొడవునా గాజు తొట్టి కట్టించింది. సంచుల్లో వచ్చే సముద్రపు ఉప్పును కొలత ప్రకారం మంచినీళ్ళలో కలిపి, అనుమతులున్న పెంపకందారుల దగ్గర్నుంచి పగడాలు తెప్పించి, వాటి మధ్య కాసిని రంగుచేపల్ని వదిలి, చంటిపిల్లల్ని సాకినట్టు సాకింది. వచ్చినవాళ్ళెవరైనా "మొక్కలు భలే ఉన్నాయండీ" అంటే, "అవి మొక్కలు కావండీ, జంతువులు" అని అందుకుని, వాళ్ళు టీ తాగడం పూర్తయ్యేదాకా పాఠం చెప్పేది.

భర్త ప్రకాష్ జిల్లా పరిషత్తు ఆఫీసులో సూపరింటెండెంటు. నెమ్మదస్తుడు. ఆ తొట్టి పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవాడు గానీ, తలతిప్పి దాని గురించి మంచీ చెడూ అన్న పాపాన పోలేదు. ఊరంతా మెచ్చుకుంటుంటే ఇంట్లో మనిషి మెచ్చుకోకపోతే ఏం పోయిందిలే అని సంతోషకుమారి సరిపెట్టుకునేది.

శ్రీరమ్య ఆవిడ శిష్యురాలు. పర్చూరు దగ్గర ఒక పల్లెలో తండ్రి పత్తీ మిర్చీ పండిస్తాడు. వాడరేవు వెళ్ళినప్పుడు మిగతా పిల్లలు అలల దగ్గర ఫోటోలు దిగుతుంటే, ఈ పిల్ల చున్నీ నడుముకి బిగించి, సన్యాసి పీతను అరచేతిలో పెట్టుకుని, అది గుల్లలోంచి తల బయటపెట్టేదాకా కదలకుండా కూర్చునేది. చదువయ్యాక మంగళగిరిలో ఒక కంప్యూటర్ ఆఫీసులో చేరింది. చేరిన ఏడే అద్దె ఫ్లాట్‌లో చిన్న సముద్రపు తొట్టి పెట్టింది. అప్పట్లో సాయంత్రమైతే చాలు, మేడమ్‌కి ఫోను. ఉప్పు ఎంత కలపాలి, చేప ఒక మూలే ఎందుకు తిరుగుతోంది, పగడం ఎందుకు ముడుచుకుంది, అన్నీ మేడమే చెప్పాలి. సంతోషకుమారి పొయ్యి మీద కూర దించి మరీ చెప్పేది. రానురాను ఆ పిల్లకి పని పట్టుబడింది. ఫోన్లు తగ్గాయి. నేర్చుకున్నాక అడగదుగా అని సంతోషకుమారికి తెలుసు. తెలిసినా ఆ వేళకి ఫోను వైపు ఒకసారి చూసేది.

అసలు గొడవ స్కిమ్మర్‌తో మొదలైంది.

సముద్రపు తొట్టి పెట్టినవాళ్ళకి స్కిమ్మర్ ప్రాణం లాంటిది. చేపలు తిని వదిలిందీ, తినకుండా మిగిలిందీ నీళ్ళలో కరిగి విషమయ్యేలోపు బయటికి తియ్యాలి. బెల్లం కాచేవాళ్ళు పానకం మీద తెట్టె తీస్తారే, అలాంటి పనే ఇది. ఒక గొట్టంలో సన్నటి గాలిబుడగలు లెక్కలేనన్ని పుట్టిస్తే, మురికి వాటిని అంటుకుని నురుగై పైకి పాకుతుంది. గొట్టం మెడ దాటి పైనున్న కప్పులో పడి, నల్లటి నీరుగా మారుతుంది. రోజూ పొద్దున్నే ఆ కప్పు కడగాలి. పాలవాడికి పాలచిక్కదనం ఎంతో, ఈ మనుషులకి ఆ కప్పులో నీటి నలుపు అంత. ఎవరి కప్పు నల్లగా ఉంటే వాళ్ళ స్కిమ్మర్ గొప్పదని లెక్క.

గుంటూరు, ఒంగోలు, విజయవాడ, చీరాలల్లో ఈ పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. అరండల్‌పేటలో చేపల తొట్ల దుకాణం నడిపే ఖాజావలి దానికి కర్త. అందులో సంతోషకుమారి మాటంటే మాటే. ఒకరోజు ఆ గ్రూపులో శ్రీరమ్య ఒక ఫోటో పెట్టింది. స్కిమ్మర్ తనే తయారుచేసుకుందట. మిర్చి చేలల్లో డ్రిప్పు గొట్టాలకి మందు కలపడానికి వెంచురీ అని ఒక ప్లాస్టిక్ ముక్క పెడతారు. నీళ్ళు దానిలోంచి వేగంగా పోతుంటే పక్క రంధ్రంలోంచి మందును అదే లాక్కుంటుంది. ఆ పిల్ల నాన్న చేలోంచి పాతది ఒకటి తెచ్చి, మందు బదులు గాలి లాగించింది. కప్పు నిండా డికాషన్‌లాంటి నలుపు.

గ్రూపంతా చప్పట్ల బొమ్మలతో నిండిపోయింది. "మేడమ్ గారూ, మీ శిష్యురాలు ఏం చేసిందో చూశారా" అని ఖాజావలి ప్రత్యేకంగా ఆవిడ పేరు పెట్టి రాశాడు. సంతోషకుమారి "వెరీ గుడ్ రమ్యా" అని రాసి, ఫోను బల్ల మీద బోర్లించింది. తర్వాత వెళ్ళి తన తొట్టి కింది అలమారా తలుపు తీసింది. నీళ్ళు దిగి వచ్చే చిన్న తొట్టిలో తన స్కిమ్మర్ గుర్రుమంటూ నడుస్తోంది. కప్పులో పలచటి టీ రంగు నీళ్ళు.

ఆ రంగు చూసి ఏ తీర్పూ చెప్పకూడదని ఆవిడకి తెలియదా? చేపలు ఎక్కువుంటే నలుపెక్కువ. నీటిమట్టం కాస్త దించితే నురుగు ఎండి నలుపెక్కువ, పెంచితే పలచన. తన తొట్టిలో చేపలు తక్కువ, మేత తక్కువ, నీళ్ళు శుభ్రం. ఇదే ముక్క ఆవిడ గ్రూపులో ఎంతమందికో చెప్పింది. ఇప్పుడు తనకి తను చెప్పుకుంటుంటే మాత్రం, పరీక్ష పోయిన పిల్ల సాకులు చెబుతున్నట్టు వినిపించింది. పైగా ఆ వెంచురీ ఒకటి. డ్రిప్పు గొట్టాలు తను చూడలేదా? మిర్చి చేల పక్కనించే కదా ఏటా బస్సులో వెళ్ళేది. ఆ ఆలోచన తనకెందుకు రాలేదు?

టీచర్స్ డే నాడు ఆవిడ ఏటా ఒక మాట చెప్పేది. శిష్యులు మించిపోతేనే గురువు గెలిచినట్టు అని. మనసారా నమ్మే చెప్పేది. ఏకు మేకైతే ఎలా ఉంటుందో మాత్రం అప్పటిదాకా తెలియదు.

ఆ నెలలోనే మంగళగిరిలో బంధువుల పెళ్ళికి వెళ్ళాల్సొచ్చింది. శ్రీరమ్య విషయం తెలిసి, ఇంటికి రాకుండా వెళ్తే ఊరుకోనని పట్టుబట్టింది. వెళ్ళారు. తొట్టి చిన్నదే. కానీ ముదురు ఊదా రంగు గోడలా వెనకాల రాయి, దాని మీద ఆకుపచ్చ వేళ్ళలాంటి పగడాలు నీటివాలుకి ఊగుతున్నాయి. సంతోషకుమారి ఒక్క చూపులో తప్పులు వెతికింది. ఒక మూల పచ్చని పాచి, గాజు మీద చారలు. అవి దొరికినందుకు కాస్త ఊపిరి తీసుకుంది. ఈలోగా ప్రకాష్ తొట్టి ముందుకి వెళ్ళి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, వంగి, లేచి, మళ్ళీ వంగి చూశాడు. శ్రీరమ్య పెట్టిన పులిహోర చల్లారిపోతున్నా కదల్లేదు.

చివరికి ఇటు తిరిగి, "ఎంత బాగుందో" అన్నాడు. "మనింట్లో కూడా ఇలా ఒకటి పెట్టుకోవచ్చుగా, సంతోషా."

శ్రీరమ్య నాలుక కరుచుకుంది. మేడమ్‌ని చూసే తను నేర్చుకున్నానని, అదంతా మేడమ్ చలవేనని గబగబా చెప్పింది. ఆ మాటలు గాయం మీద కారంలా తగిలాయి. సంతోషకుమారి నవ్వింది. పులిహోర బాగుందని చెప్పి, రెండోసారి వడ్డించుకుని తింది. గుంటూరు చేరేదాకా కారులో ఒక్కమాట మాట్లాడలేదు. ప్రకాష్ తలనొప్పేమో అనుకుని అద్దం దించాడు. నంబూరు దాటాక, తను అన్నదాంట్లో తప్పేముందో ఆయనకి అసలు తెలియదని ఆవిడకి అర్థమైంది. తెలిసి అన్నా బాగుండేది.

మర్నాటినుంచి చేపలకి మేత పెరిగింది. ఎప్పుడూ చిటికెడు వేసే మనిషి, రొయ్యలు సన్నగా తరిగి రెండుపూటలా వేయడం మొదలుపెట్టింది. చేపలు తిన్నంత తిన్నాయి, మిగతాది రాళ్ళ సందుల్లోకి పోయింది. కప్పు నల్లబడింది. ఆవిడ ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. మెచ్చుకున్నారు గానీ, శ్రీరమ్యకి వచ్చినన్ని చప్పట్లు రాలేదు. పదిరోజులు తిరక్కుండానే గాజు మీద పచ్చదనం కమ్మింది. తన చేత్తో చిన్న ముక్క నుంచి పెంచిన పెద్ద పగడం మొహం ముడుచుకుని కూర్చుంది. దాని వంక చూసి సంతోషకుమారికి సిగ్గేసింది. పాఠం చెప్పే నోటితోనే తప్పు చేస్తున్నానని తిట్టుకుని, మేత తగ్గించి, నీళ్ళు మార్చి, మళ్ళీ దారికి తెచ్చింది. తొట్టి కోలుకుంది. లోపలి మంట మాత్రం నిప్పు మీద బూడిద కప్పినట్టు ఉండిపోయింది.

అలాంటప్పుడు ఖాజావలి ఇంటికొచ్చాడు. మంచి స్కిమ్మర్లు బయటి దేశాల నుంచి రావాలి, చెడిపోతే భాగాలు దొరకవు, ఈ అమ్మాయి చేసింది దుకాణంలో పెట్టి అమ్ముదామనుకుంటున్నానని చెప్పాడు. కాకపోతే కొత్త వస్తువుని తన మాట మీద ఎవరూ నమ్మరు. మేడమ్ గారు తన తొట్టిలో పెట్టుకుని కొన్నాళ్ళు నడిపించి, బాగుందంటే అదే పదివేలు. గ్రూపులో అందరూ అదే అంటున్నారట. శ్రీరమ్య కూడా, మేడమ్ చూడకుండా అమ్మనందట.

సంతోషకుమారి ఒప్పుకుంది. కాదనడానికి కారణం దొరకలేదు. పైగా లోపల ఒక మూల, అది సరిగ్గా పనిచెయ్యకపోతే బాగుండునన్న ఆశ కూడా ఉంది. ఆ ఆశ ఉందని తనకి తెలుసు గనకే, పరీక్ష మాత్రం పద్ధతిగా చెయ్యాలనుకుంది. కొత్త యంత్రం గొట్టానికి లోపల జిగురు పట్టేదాకా సరిగ్గా నురుగు కట్టదు, కాబట్టి మొదటి రోజులు లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత కొన్నాళ్ళు పాతదీ, కొన్నాళ్ళు కొత్తదీ, అదే తొట్టిలో, అదే మేతతో నడిపింది. రంగు చూడలేదు. ఏ రోజు కప్పులో నీళ్ళు ఆ రోజు స్టీలు పళ్ళెంలో పోసి డాబా మీద ఎండబెట్టింది. గుంటూరు ఎండకి సాయంత్రానికల్లా అడుగున గోధుమరంగు పొర మిగిలేది. ఆ పొరని గీకి, పొట్లం కట్టి, కాలేజీ ల్యాబులో సన్నటి త్రాసు మీద తూచింది. దానిలో ఉప్పు ఎంత, మురికి ఎంత అన్నది కూడా విడదీసి చూసింది.

అందరూ క్లాసుకి వెళ్ళిన మధ్యాహ్నం ఒక్కతే ల్యాబులో ఆ త్రాసు ముందు కూర్చుంది. శ్రీరమ్య యంత్రం తనదాని కంటే దాదాపు రెట్టింపు మురికి తీసింది. మళ్ళీ తూచింది. అదే. ప్యూను ఖాళీ సీసాలు కడగడానికి వస్తే, కాసేపాగి రమ్మని పంపి ఇంకోసారి తూచింది. త్రాసు అబద్ధం చెప్పలేదు.

ఆ పిల్లకి పీత పేరు చెప్పింది నేనే, ఉప్పు కొలవడం నేర్పింది నేనే అనుకుంది. ఆ అనుకోవడంలో గర్వం రావాలి. రాలేదు. తన శిష్యురాళ్ళల్లోకెల్లా చురుకైనదాన్ని చూసి కళ్ళల్లో ఇసక పోసుకున్నట్టు ఉండటం ఏమిటో, ఆ వయసులో ఆవిడకి అర్థం కాలేదు.

శనివారం పొద్దున ఖాజావలి, శ్రీరమ్య ఇద్దరూ వస్తారు. ఆ వేళకి కప్పు కడిగి, నురుగు మెడ దాకా ఎక్కి తెల్లగా, దట్టంగా తిరుగుతుంటే చూపించాలి. త్రాసు సంగతి ఆవిడ ఇంకా ఎవరికీ చెప్పలేదు.

శనివారం తలంటుకోవడం ఆవిడకి అలవాటు. పొద్దున్నే కొబ్బరినూనె గిన్నె ముందు పెట్టుకుని తలకి పట్టించింది. అప్పుడు ఖాజావలి ఫోను చేశాడు, వచ్చేస్తున్నామని. ఆవిడ లేచి అలమారా తలుపు తీసింది. నురుగు బ్రహ్మాండంగా కట్టింది. గొట్టం కొంచెం వంగినట్టుంది, సరిచెయ్యాలి అనుకుంది. గొట్టం వంగలేదు. చేతులు కడుక్కోవడానికి కుళాయి పక్కనే ఉంది. కడుక్కోకుండానే చెయ్యి లోపలికి పోనిచ్చింది. జిడ్డు చెయ్యి నీళ్ళకి తగిలితే చాలు, నురుగు కూలుతుంది. ఆవిడ కప్పు ఎత్తి, వేళ్ళతో మెడ చుట్టూ లోపలి వైపు కూడా ఒకసారి రాసింది. చూస్తుండగానే తెల్లటి నురుగు పాలపొంగు మీద నీళ్ళు చల్లినట్టు దిగిపోయింది. తలుపు మూసి లేస్తే, ఎదురుగా గుమ్మంలో ప్రకాష్ పేపరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ నూనె చేతి వంక ఒకసారి చూశాడు. పేపరు మడిచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

వాళ్ళిద్దరూ వచ్చేసరికి గొట్టంలో నీళ్ళు ఊరికే బుడబుడమంటున్నాయి. కప్పు పొడిగా ఉంది. ఖాజావలి వంగి చూసి, గడ్డం గోక్కున్నాడు. శ్రీరమ్య మోకాళ్ళ మీద కూర్చుని పంపు చూసింది, గాలి గొట్టం ఊది చూసింది, నీటిమట్టం పెంచింది, తగ్గించింది. లాభం లేకపోయింది. ఇన్నాళ్ళూ ఎలా నడిచిందని ఖాజావలి అడిగాడు.

"ఒక్కోరోజు బాగానే ఉంటుంది. ఒక్కోరోజు ఇలా" అంది సంతోషకుమారి. "నమ్మకం చెప్పలేను."

అంతే. ఖాజావలి అర్థం చేసుకున్నాడు. మేడమే నమ్మకం చెప్పలేకపోతే తను ఎవరికి అమ్ముతాడు? చూద్దాంలే అమ్మా, ఇంకా బాగుచేసి తీసుకురా అని శ్రీరమ్యతో మెత్తగా చెప్పి వెళ్ళిపోయాడు. శ్రీరమ్య యంత్రం విప్పుకుంది. కప్పు తీసి, మెడ లోపల వేలు పెట్టి తిప్పి, ఆ వేలినీ బొటనవేలినీ ఒకదానికొకటి రాసి చూసుకుంది. ఒక్క క్షణం తల ఎత్తింది. సంతోషకుమారి జుట్టు నూనెతో నిగనిగలాడుతోంది. ఆ పిల్ల చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకుని, అన్నీ సంచిలో సర్దుకుంది.

గుమ్మం దగ్గర ఆగి, "ఎక్కడ తప్పు చేశాను, మేడమ్?" అని అడిగింది.

మెడ ఇంకొంచెం సన్నగా ఉండాలేమో అంది సంతోషకుమారి. అది శుద్ధ తప్పు. సలహా పేరుతో కూడా ఒక పోటు పొడిచానని, ఆ పిల్ల మెట్లు దిగుతుండగానే ఆవిడకి తెలుసు.

కొన్నాళ్ళు హాయిగా ఉన్నట్టే ఉంది. గ్రూపులో శ్రీరమ్య ఫోటోలు ఆగిపోయాయి. కొత్తవాళ్ళు మళ్ళీ మేడమ్‌నే అడుగుతున్నారు. సంతోషకుమారి అందరికీ ఓపిగ్గా జవాబులు రాసింది. రాస్తూ రాస్తూ, ఆ పేరు కోసం జాబితాలో వెతికేది. ఉంది, చూస్తోంది, ఏమీ రాయడం లేదు. అప్పటిదాకా ఆ పిల్ల పొగడ్తలు చూసి మండేది. ఇప్పుడా మౌనం చూసి కూడా మండటం మొదలైంది.

నెల మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు సంస్కారం. పాస్టరు ఎప్పటిలాగే, రొట్టె తీసుకునేముందు ఎవరి మనసుని వాళ్ళు పరీక్షించుకోండని చెప్పి కాసేపు ఊరుకున్నారు. ఆ కాసేపూ సంతోషకుమారి కళ్ళముందు నురుగు దిగిపోతూనే ఉంది. వరసలు లేచి ముందుకి కదిలాయి. ఆవిడ లేవలేదు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇద్దరూ పక్కపక్కనే మోకరించేవాళ్ళు. ప్రకాష్ అడుగు ముందుకేసి, వెనక్కి చూసి, తనూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని ఆయనే మాట తీశాడు.

"ఆ రోజు మంగళగిరిలో నేనన్న మాటే నిన్ను ఇంతదాకా తెచ్చింది కదూ?"

ఆవిడ పళ్ళెంలో కూర కలుపుతూ ఉండిపోయింది.

"నాకు చేపల సంగతి తెలీదు, సంతోషా. అక్కడ కొత్తగా కనిపించింది గనక అన్నాను. మనింట్లోది రోజూ పక్కనే ఉంటుంది, నా కళ్ళకి ఆనలేదు. నన్ను నాలుగు తిట్టాల్సింది. ఆ పిల్ల ఏం చేసింది?"

మూడు దశాబ్దాల కాపురంలో ఆయన ఒక్క గుక్కలో అంత మాట్లాడటం ఆవిడ ఎరగదు. ఆ సాయంత్రమే బస్సెక్కింది. తోడు వస్తానంటే వద్దంది.

శ్రీరమ్య తలుపు తీసి పక్కకి తప్పుకుంది. లోపల తొట్టి గొణుగుతోంది. గాజు మసకబారింది, ఆకుపచ్చ వేళ్ళ పగడాలు సగం ముడుచుకున్నాయి. అలమారా తలుపు తెరిచే ఉంది. లోపల యంత్రానికి కొత్త మెడ, సన్నగా. తను చెప్పిన సలహానే. దాన్ని చూడగానే సంతోషకుమారికి కుర్చీలో కూర్చోవాలనిపించలేదు.

"ఆ రోజు నూనె చెయ్యి పెట్టింది నేనే, రమ్యా. కావాలనే పెట్టాను."

"తెలుసు, మేడమ్."

"మరి అడగలేదేం?"

"అడిగితే మీరు అబద్ధం చెప్పాల్సొచ్చేది. అది వినలేననిపించింది" అంది శ్రీరమ్య. "మెడ సన్నం చెయ్యమన్నారు. నూనె పెట్టినవాళ్ళు ఇదైనా నిజం చెప్పుంటారేమోనని చేసి చూశాను. చూడండి ఎలా అయిందో."

సంతోషకుమారి చూసింది. ఈ పిల్ల అంతా తెలిసి కూడా తన మాట మీద నమ్మకం చివరికంటా వదల్లేదు. ల్యాబులో తూచిన సంగతి చెప్పింది. రెట్టింపు తీసిందని, మూడుసార్లు తూచానని, ఆ యంత్రం తనదాని కంటే మేలని చెప్పింది. ఎందుకు చేశానో నాకే సరిగ్గా తెలీదనబోయి ఆగింది. తెలుసు.

"ఓర్వలేకపోయాను" అంది.

శ్రీరమ్య వంటగదిలోంచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. పర్వాలేదు మేడమ్ అంటుందేమోనని సంతోషకుమారి ఎదురుచూసింది. ఆ పిల్ల ఆ మాట అనలేదు.

"ఇది నాతో చెప్తే సరిపోదు. ఖాజావలి గారితో చెప్పండి" అంది.

దానికంటే చెంపదెబ్బ నయం. పదేళ్ళుగా ఆ దుకాణంలో ఆవిడ వస్తే కుర్చీ తుడిచి వేస్తారు. మర్నాడు కాలేజీ నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళింది. ఖాజావలి ఎవరికో చేపలు సంచిలో కట్టిస్తున్నాడు. ఆ మనిషి వెళ్ళేదాకా నిలబడి, తర్వాత విషయం చెప్పింది. ఖాజావలి, అయ్యో, దానికేముంది మేడమ్ గారూ, తలంటు రోజు, చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి ఉంటారు, ఎవరికైనా అవుతుంది అన్నాడు. దారి చూపించాడు పెద్దమనిషి. ఆ దారినే వెళ్ళిపోతే పరువు దక్కుతుంది, శ్రీరమ్య పనీ జరుగుతుంది. సంతోషకుమారి నోటిదాకా వచ్చింది, అవునండీ అని.

"మర్చిపోలేదండీ. తెలిసే పెట్టాను" అంది.

ఖాజావలి లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి వేశాడు. తుడవడం మాత్రం మర్చిపోయాడు.

ఈసారి పరీక్ష దుకాణంలోనే జరిగింది, అందరూ చూస్తుండగా. గ్రూపులో వీలైనవాళ్ళంతా వచ్చారు. వెడల్పు మెడ తిరిగి బిగించిన యంత్రం ఒక తొట్టిలో, బయటి దేశపుది దాని పక్క తొట్టిలో. రెండిట్లోనూ ఒకే లెక్కన చేపలు, ఒకే మేత. ఎలా చూడాలో సంతోషకుమారే చెప్పింది. కప్పులో రంగు చూసి మోసపోవద్దు, ఎండబెట్టి తూచండి, నురుగు రోజంతా ఒకేలా నిలుస్తుందా లేదా చూడండి, మేత వేశాక ఎంతసేపటికి తేరుకుంటుందో చూడండి అని. తూచే పని వేరేవాళ్ళకి అప్పగించి తను దూరంగా నిలబడింది. దూరంగా ఎందుకు నిలబడిందో అక్కడ ఇద్దరికే తెలుసు.

వారం తర్వాత తీర్పు చెప్పమన్నారు. శ్రీరమ్య యంత్రమే ఎక్కువ తీస్తోందని ఆవిడ అందరి ముందూ చెప్పింది. చెబుతున్నప్పుడు కూడా ఎక్కడో చురుక్కుమంది. జనం ఆ పిల్ల చుట్టూ మూగి నాక్కావాలంటే నాక్కావాలంటుంటే, ఆ చురుకు ఇంకాస్త పెరిగింది. అది అంత తేలిగ్గా వదిలేది కాదని సంతోషకుమారికి తెలిసిపోయింది. దాన్ని కడుపులోనే ఉండనిచ్చి, మిగతా సగం తీర్పు కూడా చెప్పింది. వెంచురీ గాలిదారిలో ఉప్పు పేరుకుంటోంది, వారానికోసారి వేణ్ణీళ్ళతో కడక్కపోతే మూసుకుపోతుంది, కొనేవాళ్ళకి ఈ సంగతి చెప్పి అమ్మాలి.

"వారానికి అక్కర్లేదు మేడమ్. నెలకోసారి చాలు" అంది శ్రీరమ్య జనంలోంచే.

"నీ తొట్టికి చాలేమో. గుంటూరు ఎండకి నీళ్ళు తొందరగా ఆవిరవుతాయి, ఉప్పు తొందరగా పడుతుంది."

"మంగళగిరిలో ఏమైనా మంచు కురుస్తోందా మేడమ్?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఖాజావలి కంగారుగా ఇద్దరి మొహాలూ చూశాడు. కాలేజీలో ఉండగా ఆ పిల్ల ఏనాడూ ఎదురు మాట అన్నది కాదు. సంతోషకుమారికి చెవులు వేడెక్కాయి. ఇంత జరిగాక ఆ పిల్ల తనని మేడమ్ అని పిలవడం ఒక ఎత్తు, నలుగురిలో తనతో వాదానికి దిగడం ఇంకో ఎత్తు. రెండోదే ఎక్కువ ఊరటగా ఉంది.

"అయితే ఆ వెంచురీ విప్పు" అంది ఆవిడ, చేతిసంచి కుర్చీలో పడేసి. "ఎంత పట్టిందో ఇక్కడే చూద్దాం."

శ్రీరమ్య అప్పటికే పంపు స్విచ్చి ఆపేసింది.